గంటెడు చారు

ముక్కలు పంచడానికి లెక్క కావాలి. చారు పంచడానికి గంటె ఉంటే చాలు. కిలో మాంసాన్ని పది మందికి వడ్డిస్తే ఒకరి పళ్లెంలో కండ పడుతుంది, ఇంకొకరి పళ్లెంలో ఒట్టి బొక్క పడుతుంది. వడ్డించే చెయ్యి ఎంత ధర్మంగా కదిలినా తినేవాళ్ల కళ్లు పక్క పళ్లెం మీదికి పోనే పోతాయి. అవే బొక్కల్ని మరిగించి చారు తీస్తే ఆ పంచాయితీ ఉండదు. అడుగు దాకా కలియబెట్టి పోస్తే మొదటి గంటెకూ ఆఖరి గంటెకూ రుచి ఒకటే. అనుకోకుండా పదకొండో మనిషి గడపలో అడుగు పెట్టినా చెంబెడు నీళ్లు, చిటికెడు ఉప్పు, ఇంకో పొంగు. అంతే. వాటా తగ్గిందన్న సంగతి ఎవరికీ తెలియదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటిళ్లలో తిరిగి పెరిగిన నాకు, తిండిలో సమానత్వం అన్నది ఎక్కడన్నా ఉంటే అది ముక్కల్లో కాదు, వాటిని ఉడికించిన నీళ్లలో ఉన్నదనిపిస్తుంది.

ఆ నీళ్లను పారబోయకపోవడం ఒక విద్య. సూప్, స్టాక్ అన్న మాటలు మా ఇళ్లలోకి రాకముందే ఆ విద్య అక్కడ ఉంది. బొక్కల చారు, పప్పు కట్టు, అన్నం వంపిన గంజి, పులిసిన కలి. ఒక వంట అయిపోయాక మిగిలినదాన్ని ఇంకో వంటకు మొదలు చేసుకోవడమే ఈ నాలుగింటి పని.

మా బాపమ్మ బొక్కల చారు పెట్టే తీరు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఆదివారం పొద్దున తెచ్చిన యాట మాంసంలో కండంతా కూరకు పోయేది. మోకాలి చిప్పలు, వెన్ను ముక్కలు, పక్క బొక్కలు ఆమె సర్వలోకి వచ్చేవి. వాటి మీద చల్లటి నీళ్లే పోసేది, వేడి నీళ్లు ఎప్పుడూ పోయలేదు. పసుపు, ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చి, పైకి తేలిన బూడిదరంగు నురుగును గంటెతో ఓపికగా తీసి పారేసేది. ఆ తర్వాత కట్టెలు వెనక్కి లాగి, ఒట్టి నిప్పుల మీద సర్వను వదిలేసేది. చారు తెర్లకూడదు, అంచున ఒక్కొక్క బుడగ లేస్తుండాలి. పొయ్యిలో కాల్చిన ఉల్లిగడ్డ, దంచిన ధనియాలు, మిరియాలు, అల్లం, ఎల్లిపాయ ఒకటొకటిగా పడేవి. చింతపండు పులుసు మాత్రం అన్నిటికన్నా చివర. పులుపు ముందే పోస్తే మాంసం వాసన అణిగిపోతుందని ఆమె లెక్క. "అది మరగాలె బిడ్డా, మనం తొందరపడితే అది తొందరపడదు" అనేది.

ఆమె నిప్పుల మీద చేసిన పనికి కారణం తర్వాత చదువుకున్నాను. బొక్కల కీళ్ల దగ్గర, మెత్తటి ఎముకల్లో, నరాల్లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. గంటల తరబడి సన్నటి వేడి తగిలితే అది కరిగి జెలటిన్‌గా మారి నీళ్లలో కలుస్తుంది. చారుకు పెదవులు అంటుకునేంత జిగురు దాని వల్లనే. చలికాలంలో రాత్రి మిగిలిన చారు పొద్దుటికి గడ్డ కట్టి, సర్వ వంచినా కదలకుండా ఉండేది. పైన పసుపురంగు కొవ్వు పొర, కింద వణికే గడ్డ. మళ్లీ పొయ్యి మీద పెడితే క్షణంలో చారయ్యేది. పెద్ద మంట మీద గలగలా తెర్లిస్తే కొవ్వు నీళ్లలో చితికి కలిసిపోయి చారు మబ్బుగా అవుతుంది. బాపమ్మ కట్టెలు వెనక్కి లాగడం వెనుక ఇంత సంగతి ఉంది.

బొక్క విరిగినవాళ్లకు, బాలింతలకు, జ్వరం తగ్గి లేచినవాళ్లకు ఈ చారే పోసేవాళ్లు. బొక్కకు బొక్క బలం అని నమ్మకం. నిజానికి మామూలుగా మరిగిస్తే ఎముకలోని కాల్షియం నీళ్లలోకి వచ్చేది చాలా తక్కువ. కానీ నాలుగు రోజులుగా ముద్ద మింగని మనిషి గొంతులోకి ఉప్పు, నీళ్లు, కాస్త ప్రొటీన్, మిరియాల ఘాటు వెచ్చగా దిగడం తక్కువ మేలేం కాదు. ఆ మనిషికి మళ్లీ ఆకలి పుట్టించిన ఘనతను మాత్రం చారుకు ఇవ్వవలసిందే.

మాంసం వారానికో, పండుగకో. రోజూ దొరికేది గంజి. ఎసట్లో పోసిన బియ్యం మెతుకు పట్టుకుంటే నలిగే వేళకు గిన్నె మూతి మీద సిబ్బి పెట్టి, మసిగుడ్డతో రెండు చేతులా పట్టి వంచేవాళ్లు. ఆవిరి మొహానికి కొట్టేది. తెల్లటి చిక్కటి ధార కింది గిన్నెలోకి జారేది. కాసేపటికి దాని మీద పల్చటి తెట్టు కట్టేది. అందులో ఉప్పు వేసి, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగితే పొలానికి పోయేవాళ్లకు ఎండ తెలిసేది కాదు. మిగిలిన గంజి కలి కుండలో పడి పులిసి, మర్నాడు అంబలికి ఎసరయ్యేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, ఇంకా మిగిలిన గంజి వాకిట్లో కుడితి గోలెంలోకి పోయేవి. బర్రె ఆ కుడితి తాగి పాలిచ్చేది, ఆ పాలు మర్నాటి మధ్యాహ్నానికి సల్లగా తిరిగి మా గ్లాసుల్లోకి వచ్చేవి. ఆ ఇంట్లో చెత్తబుట్టకు పని ఉండేది కాదు.

నిజానికి గంజి మా వైపు అందరి ఇళ్లలో రోజూ వంపడం ఏమంత పాత సంగతి కాదు. పెద్దవాళ్ల నోటి వెంట ఎక్కువగా వినిపించేవి జొన్న గటుక, మక్క గటుక. నెహ్రూ 1963 జులైలో పోచంపాడు దగ్గర గోదావరి మీద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ జగిత్యాల పొలాల మీదుగా పారాక వరి పెరిగింది, దానితో పాటు గంజీ పెరిగింది. పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆ ఊరి పేరుతోనే జగిత్యాల సన్నాలు అనే వరి రకాన్ని ఇచ్చింది. అట్లా కాలువ నీళ్లు బియ్యమై, ఆ బియ్యం ఉడికిన నీళ్లు కూలి మనిషి కడుపు నింపాయి.

సిరిసిల్లలో గంజికి ఇంకో కొలువు కూడా ఉండేది. చేనేత నడిచిన రోజుల్లో పడుగును వీధి పొడుగునా చాపి, కుంచెతో గంజి పట్టించేవాళ్లు. గంజి పట్టిన నూలు పోగు గట్టిపడి మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఇంట్లో మనిషిని నిలబెట్టిన గంజే వీధిలో దారాన్నీ నిలబెట్టింది. ఇప్పుడు ఊరంతా మరమగ్గాల చప్పుడు, వాటి మీద ఎక్కువగా పాలిస్టర్. ఆ దారానికి అన్నం గంజితో పని లేదు.

గంజి విలువ గురించి మన శాస్త్రవేత్తలు చెప్పింది వింటే, దాన్ని పారబోసే చెయ్యి ఆగుతుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మొదలైంది 1918లో, తమిళనాడు కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీద. ఒక్క గదిలో మొదలైన ఆ చిన్న విభాగం పేరే బెరిబెరి విచారణ. 1958లో అది హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. కాళ్లు తిమ్మిరెక్కి, గుండె నీరసించే బెరిబెరి రోగం మన కోస్తాలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో ఎక్కువగా ఉండేది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు బి-1 విటమిన్ పోతుంది. మిగిలిన కొంత, బియ్యాన్ని మళ్లీ మళ్లీ కడిగినప్పుడు కడుగుతో పోతుంది. ఇంకొంత గంజితో పోతుంది. నీళ్లలో కరిగే విటమిన్ కాబట్టి నీళ్లు ఎటు పోతే అదీ అటే. అందుకే గంజి తాగిన ఇల్లు పోయినదాంట్లో కొంతన్నా వెనక్కి తెచ్చుకుంది. సర్కారు లెక్కల్లో ఎక్కడా రాయని పొదుపు అది. జపాన్ వాళ్లు కూడా సోబా సేమ్యాలు ఉడికిన నీళ్లను పారబోయరు, భోజనం చివర వేడివేడిగా తాగడానికి తెచ్చి ఇస్తారు. బియ్యమైనా సోబా అయినా, ఉడికిన గింజ తన సారాన్ని నీళ్లకు కొంత ఇచ్చే ఉంటుందని రెండు దేశాల వంటిళ్లూ కనిపెట్టాయి.

గ్యాస్ పొయ్యి, ప్రెషర్ కుక్కర్ వచ్చాక గంజి వంపడం ఆగిపోయింది. కొలిచి పోసిన నీళ్లు మొత్తం అన్నంలోనే ఇంకుతాయి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, విటమిన్ అన్నంలోనే ఉంటుంది, ఆడవాళ్ల చేతులు ఆవిరికి కాలవు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఈ కుక్కర్‌కు తాత వంటిది డెనీ పపాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1679లో లండన్‌లో తయారుచేసిన ఆవిరి పాత్ర. ఆయన దాన్ని చేసింది అన్నం కోసమూ కాదు, పప్పు కోసమూ కాదు. గట్టి ఎముకల్ని మెత్తబరిచి, పారేసే బొక్కల్లోంచి తిండి తీయాలని. దాని గురించి 1681లో పుస్తకం కూడా రాశాడు. అంటే మన వంటింట్లో గంజిని మాన్పించిన పాత్ర పుట్టింది బొక్కల చారు కోసమే. బాపమ్మకు అర పూట పట్టిన పని ఇప్పుడు కుక్కర్‌లో గంటలోపు అవుతుంది. పని ఇంత సులువైనా మనం ఆ బొక్కల్ని నల్ల కవర్లో చుట్టి మున్సిపాలిటీ బండిలో వేస్తున్నాం.

మాంసం ముట్టని ఇళ్లలో ఇదే నేర్పు బక్షాల చారులో కనిపిస్తుంది. ఉగాదికి, హోళీకి బక్షాల (బొబ్బట్ల) కోసం సెనగపప్పు ఉడికిస్తారు. పలుకు వేళ్ల మధ్య నలగాలి, ముద్ద కాకూడదు. ఆ అదను చూసి బట్టలో వంపితే బంగారు రంగు కట్టు దిగుతుంది. పప్పు బెల్లంతో కలిసి పూర్ణమవుతుంది. రుబ్బిన రోలుకు అంటుకున్న తియ్యటి ముద్దను కూడా నీళ్లు పోసి కడిగి కట్టులోనే కలిపేవాళ్లు. దానికి చింతపండు, కారం, దంచిన ఎల్లిపాయ, జీలకర్ర, కల్యమాకు పోపు. తీపి, పులుపు, కారం మూడూ ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడ్డ ఆ చారు మర్నాటికి ఇంకా బాగుంటుంది. బక్షం పెద్దవాళ్లకు రెండు, పిల్లలకు ఒకటి అని లెక్క ఉంటుంది. చారుకు ఆ లెక్క లేదు, ఇంటికి వచ్చిన చాకలి గిన్నెలో, పక్కింటివాళ్ల గిన్నెలో, పాలేరు గిన్నెలో అదే చారు పడేది. సిరిసిల్ల నుంచి బతుకుదెరువుకు షోలాపూర్, భివండి పోయిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ పూరణ్ పోళీ పక్కన ఇలాంటి చారునే చూసి ఉంటాయి. మరాఠీవాళ్లు దాన్ని కటాచీ ఆమ్టీ అంటారు. కృష్ణా, గుంటూరు వైపు ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ నీళ్లను చిక్కగా మరిగించి ఉలవచారు చేశారు. ఎడ్లకు గింజ, మనిషికి నీళ్లు. ఇప్పుడు అదే చారు పెద్ద హోటళ్లలో మీగడతో కలిసి వెండి రంగు గిన్నెల్లో వస్తుంది.

ఇంతవరకు చెప్పింది చారు మంచితనం. దాని వెనుక ఒక అన్యాయం కూడా ఉంది, అది చెప్పకుండా ముగిస్తే ఈ మాటకు విలువ లేదు. కోరుట్లలో మా మేనత్త బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపిన తునికాకు, కత్తెర. వెయ్యి బీడీలు అయ్యేదాకా నడుం వంచి కూర్చునేది. పక్కన పొయ్యి మీద చారు తనంతట తాను మరిగేది. చెయ్యి ఆపకుండా చేసుకునే కూలికి, కాపలా అక్కరలేని ఆ వంట బాగా కుదిరింది. కానీ బువ్వ వేళకు ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ముసలివాళ్లు. ఆఖరున ఆమె. అప్పటికి కూర గిన్నె అడుగు కనబడేది. "నాకు సారు సాలు తియ్యి, ముక్క నాకు అరగది" అనేది. మా వైపు ఎన్ని ఇళ్లలో ఎందరు ఆడవాళ్లు ఇదే మాట ఎన్నేళ్లు అన్నారో! అరగకపోవడం కాదు, మిగలకపోవడం. చారు అందరికీ సమానంగా అందిందన్నది నిజమే. ముక్కలు అందలేదన్నదీ అంతే నిజం. ఆ రెండో నిజాన్ని మొదటిది కప్పేసింది.

ఈ మాయ ఒక్క మన ఇళ్లదే కాదు. పందొమ్మిదో శతాబ్దపు ప్యారిస్‌లో ఎముకల నుంచి తీసిన జెలటిన్ సూప్‌ను మాంసానికి సాటి అని చెప్పి ఆసుపత్రుల్లో పేదలకు పోసేవారు. అది నిజమా కాదా తేల్చమని అక్కడి శాస్త్ర అకాడమీ ఒక కమిషన్ వేసింది. ఫ్రాన్స్వా మజాందీ నాయకత్వంలోని ఆ కమిషన్ 1841లో నివేదిక ఇచ్చింది. ఒట్టి జెలటిన్ తిని కుక్కలు బతకలేదు, అది మాంసానికి బదులు కాదు అని. శరీరం కట్టుకోవడానికి కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు జెలటిన్‌లో సరిపడా లేవన్న సంగతి తర్వాతి కాలం వివరించింది. మా మేనత్త చెంప ఎముకలు ఎందుకు అట్లా పైకి తేలి ఉండేవో చెప్పడానికి నాకు ఆ నివేదిక సరిపోతుంది. చారు పళ్లెంలో కలవాలి, పళ్లెమే చారు కాకూడదు.

అందుకని చారు మానేద్దామని కాదు. అందరికీ ముక్క దొరికే ఇంట్లో, అందరికీ చారు కూడా ఉండాలంటున్నాను. ఇవాళ దుకాణంలో పొట్లంలో సూప్ పొడి కొంటున్నాం. అందులో ఉప్పు ఎక్కువ, పిండి ఎక్కువ. అదే రోజు మన వంటింటి నుంచి దానికన్నా మంచి సరుకు బయటికి పోతున్నది. నా ఫ్రిజ్ పై అరలో ఒక డబ్బా ఉంటుంది. కొత్తిమీర కాడలు, క్యారెట్ కొసలు, టమాట తొడిమెల దగ్గరి ముక్కలు, ఉల్లిగడ్డ పై పొరల్లో శుభ్రమైనవి దాంట్లోకి పోతాయి. బీర పొట్టు, సొర తొక్క మాత్రం పోవు, వాటికి పచ్చడి అనే మంచి దారి మన దగ్గర ముందే ఉంది. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది మక్క బెండు. జగిత్యాల చుట్టూ మక్క పంట బాగా పండుతుంది. గింజలు ఒలిచాక ఆ బెండ్లను విరిచి నీళ్లలో అరగంట మరిగిస్తే సన్నటి తీపి దిగుతుంది. ఆ నీళ్లతో పప్పుచారు పెడితే బెల్లం ముక్క అక్కరలేదు. క్యాబేజీ, గోబీ కాడలు డబ్బాలో వేయను, మరిగితే వాసన వేస్తాయి.

ఒకటి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పళ్లేల్లో కొరికి వదిలిన బొక్కలు చారుకు పనికిరావు, ఈ పద్ధతి మన ఇళ్లలో ఎవరూ చెప్పకుండానే నడుస్తున్నది, అది మంచి పద్ధతి. వండని బొక్కలు, వడ్డించని పప్పు కట్టు మాత్రమే తీసుకోవాలి. మరిగిన చారును రాత్రంతా పొయ్యి మీద వదలకుండా, గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండు మూడు రోజుల్లో వాడేయాలి, వాడేముందు మళ్లీ గలగలా తెర్లించాలి. పాతకాలంలో చలికాలపు రాత్రులు తప్ప, పొయ్యి నిప్పుల మీద సర్వ ఎప్పుడూ వేడిగా ఉండేది. అందుకే అప్పుడు నడిచింది ఇప్పుడు నడవదు.

చారు కాచడం పేదరికపు గుర్తు అని మా తరం కొంత సిగ్గుపడింది. గంజి తాగి పెరిగామని పిల్లల ముందు చెప్పుకోవడానికి వెనకాడింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు ముందు తల్లి బొక్కల చారు దాచి చికెన్ ఫ్రై పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ కొడుకు అక్కడ పది మంది ఉండే గదిలో వంతులవారీగా వండుకుంటూ, ఉన్న మాంసం అందరికీ చాలాలని పులుసు నీళ్లు పెంచే మనిషే. ఇద్దరికీ ఒకే విద్య వచ్చు, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. సిగ్గుపడవలసింది నీళ్లు పెంచినందుకు కాదు. పెంచిన నీళ్లన్నీ ఒకే మనిషి పళ్లెంలో పోసినందుకు.

కాబట్టి ఇంట్లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మొట్టమొదట నేర్పవలసిన వంట ఇదేనని నా గట్టి నమ్మకం. పొయ్యి ఎట్లా తగ్గించాలో, నురుగు ఎట్లా తీయాలో, పులుపు ఎప్పుడు పోయాలో నేర్పాలి. దాంతోపాటే ఇంకో అలవాటు నేర్పాలి. చారు పోసుకునే ముందు, వండిన మనిషి పళ్లెంలో ముక్క పడిందో లేదో చూడాలి. పడకపోతే తన పళ్లెంలోది తీసి పెట్టాలి.